ప్రకృతిపాఠముల పునశ్చరణము

ఏటేట ఫాల్గుణమాసము వచ్చునప్పటికి మన ప్రాథమిక పాఠశాలల వసారాలలో ఒకవిధమైన కోలాహలము బయలుదేరును. "నీటికి రూపములెన్ని?" "మూడు." "అవి యేవి?" "మంచు, నీరు, ఆవిరి." "మొక్కకు భాగములేవి?" "వేరు, కాండము, ఆకు, పువ్వు, కాయ." ఉపాధ్యాయుడు సగము వాక్యము పలికి యాగును, నలువదిమంది పిల్లలు తక్కిన సగమును ఒక్క గొంతుకతో పూరింతురు. దారిని బోవు తల్లిదండ్రులు ఆ ధ్వని విని, చదువు చక్కగా సాగుచున్నదని సంతోషింతురు. సంవత్సరమంతయు చెప్పిన ప్రకృతిశాస్త్ర పాఠములను పరీక్షకు ముందు ఇట్లు తిరుగవేయించుటకు పునశ్చరణమని పేరు. ఇరువది యేండ్లుగా నేనును ఈ పనిని శ్రద్ధతోనే చేయుచువచ్చితిని. దానియందు లోపమున్నదని నాకు తోచినది పుస్తకములవలన గాదు, ఒక నీళ్లకుండవలన.

రెండు వేసవుల క్రిందట మూడవ తరగతిలో ఇట్టి పునశ్చరణమే జరుగుచుండెను. చల్లని నీరు పోసిన పాత్ర వెలుపల నీటిబొట్లు పట్టుటకు కారణమేమని యడిగితిని. గాలిలోని ఆవిరి చల్లబడి నీరైనదని తరగతి యంతయు పలికెను. గది మూలనున్న మట్టికుండను చూపి, దానిమీది తేమయు నిట్టిదేనని నేను చెప్పబోవుచుండగా, వెనుకవరుసలోని యొక బాలిక చేయి యెత్తినది. దినదినమును ఆ కుండ నింపు వంతు ఆ పిల్లదే. "మాస్టారండీ, కుండమీద నీళ్లు లోపలినుంచే వస్తాయండి. కొత్తకుండకైతే ఎక్కువ, పాతకుండకు తక్కువ" అన్నది. "తప్పు. పుస్తకములో నేమున్నదో చెప్పుము" అని నేను కసరితిని. ఆమె తల వంచుకొని కూర్చుండెను. ప్రక్కవరుసలోని బాలుడొకడు పుస్తకములోని వాక్యమును తడబడకుండ నప్పగించెను. వానిని "శభాష్" అంటిని.

ఆ రాత్రి మాయింట కూజాలో నీరు వంచుకొనుచుండగా నా తప్పు నాకు తెలిసినది. లోహపు చెంబుమీద పట్టునది గాలిలోని తేమ. మట్టికుండమీది తేమ ముఖ్యముగా మట్టిలోని సన్నని రంధ్రములగుండ లోపలినుండి ఊరిన నీరు. ఆ నీరు ఆవిరియగుచు వేడిని గొనిపోవుటచేతనే కుండలోని నీరు చల్లబడును. రంధ్రములు పూడుకొనిన పాతకుండ యంతగా చెమర్చదు, అంతగా చల్లబరుపదు. ఎనిమిదేండ్ల పిల్ల తన కన్నులతో చూచి నిజము చెప్పినది. నేను ఒక వస్తువునకు తగిన మాటను మరియొక వస్తువున కంటగట్టితిని. మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొంటిని. కాని ఆ బాలిక మరల చేయి యెత్తుటకు మూడు నెలలు పట్టినది. పునశ్చరణమన నేమి, అది యెవరికొరకు అను ప్రశ్న నన్నప్పటినుండి విడువలేదు. ఈ ప్రశ్న నాకంటె ముందు అనేకులకు తోచినదని చరిత్ర చదివిన పిమ్మట తెలిసికొంటిని. ఆ చరిత్రమునే యిచట సంగ్రహముగా విన్నవించెదను.

వల్లెవేయుట నెగతాళి చేయుట నేడు కొందరికి అలవాటైనది. సంస్కృతపాఠశాలలో చదివినవాడను గనుక నేనట్లు చేయజాలను. పదపాఠము, క్రమపాఠము, జటాపాఠము, ఘనపాఠము అని మన పెద్దలు వేదవాక్యమును ముందునకును వెనుకకును త్రిప్పి త్రిప్పి చెప్పించిరి. ఒక్క స్వరముగాని, ఒక్క యక్షరముగాని చెడకుండ వేలయేండ్లు నిలుపుట వారి యుద్దేశము. ఆ యుద్దేశమునకు అంతకంటె మంచి సాధనము లేదు. అచ్చట కాపాడవలసిన వస్తువు శబ్దమే. ఎక్కములును అట్టివే; నోటికి రావలసినదే. ప్రకృతిశాస్త్రమునందన్ననో వస్తువు శబ్దమునకు వెలుపల నున్నది. కుండ వేరు, కుండనుగూర్చిన వాక్యము వేరు. వాక్యమును భద్రపరచినంతమాత్రమున కుండ తెలిసినట్లు కాదు.

ఈ భేదమును మన దేశమునందు స్పష్టముగా గమనించిన ప్రాచీన లేఖలలో బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823వ సంవత్సరమున వ్రాసిన నివేదిక యొకటి. చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో ఆయా జిల్లాలలోని పాఠశాలల వివరములను పంపుమని కోరగా, కాంబెల్ తన జిల్లాలో 533 పాఠశాలలును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు తెలిపెను. వానిలో అధికభాగము తెలుగు కన్నడములు చెప్పు వీథిబడులు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను, పై తరగతివారు క్రింది తరగతివారికి చెప్పుటను, స్వల్పవ్యయముతో బడి నడచుటను అతడు మెచ్చుకొనెను. కాని పిల్లలు చదువు పద్యకావ్యముల భాషకును వారు మాటలాడు భాషకును దూరమెక్కువ యగుటచే, చదివినదానిని కంఠస్థము చేయుదురేగాని యర్థము గ్రహింపరని విచారించెను. చిత్రమేమనగా, అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే చెన్నపట్టణమున అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఆ ఇసుకచదువును, పిల్లలచే పిల్లలకు చెప్పించు పద్ధతిని మన బడులనుండి నేర్చుకొని, 1797లో లండనున పుస్తకము ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతియనియే పేరు వచ్చినది. మన వల్లె యట్లు సముద్రము దాటినది; అయితే ఇంగ్లండునకు అది క్రొత్తది కాదు. అచ్చట ప్రశ్నోత్తరిగ్రంథము లదివరకే యుండెను.

18వ శతాబ్దము ముగియు కాలమున రిచ్‌మల్ మాంగ్నల్ అను ఉపాధ్యాయిని వ్రాసిన ప్రశ్నలపుస్తకము ఆ దేశమున బాలికలకు రెండుతరములు పాఠ్యగ్రంథమై నిలిచెను. 1840 దశకమున బ్రూయర్ అను నాతడు నిత్యవస్తువుల శాస్త్రమునుగూర్చి మరియొక ప్రశ్నోత్తరి నిర్మించెను. దానిని తేలికగా చూడరాదు. అందలి ప్రశ్నలు పొయ్యి, కెటిలు, కిటికీ, పొగగొట్టము మున్నగువానిని గూర్చినవే. లోపమెచ్చటనన, ప్రశ్న క్రిందనే జవాబు అచ్చయి యుండెను. పిల్లవానికి కెటిలువైపు చూడవలసిన పని లేకపోయెను.

ఇదే కాలమున జేన్ మార్సెట్ అను వనిత రసాయనశాస్త్రమును గురువునకును ఇరువురు బాలికలకును జరిగిన సంభాషణముగా వ్రాసి 1806లో ప్రకటించెను. ఇదియు ప్రశ్నోత్తరములే, కాని ఇందులో పిల్లలే యడుగుదురు, సందేహింతురు, పొరపడుదురు, ప్రయోగము చేసి చూతురు. లండనులో పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనిచేయుచుండిన బీదబాలుడొకడు ఈ గ్రంథమును చదివెను. చదివి నమ్మి యూరకుండలేదు. తనకు దొరికిన కొలది సామగ్రితో చిన్న ప్రయోగములు చేసి, పుస్తకము చెప్పినది నిజమగునో కాదో పరీక్షించి, నిజమని కనుగొనెను. ఆ బాలుడు మైకేల్ ఫారడే. శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన పిమ్మట 1858లో ఒక జాబులో ఆయన ఈ ఋణమును స్మరించుకొనెను. పుస్తకమును మరల చదువుట యొక పునశ్చరణము. పుస్తకమును వస్తువుతో సరిచూచుట మరియొక పునశ్చరణము. ఫారడే చేసినది రెండవది.

స్విట్జర్లాండు దేశమున పెస్టాలొజ్జీ అను మహనీయుడు (1746–1827) ఈ రెండవదానినే సర్వబాలురకును అందింపదలచెను. యుద్ధమున తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డలను స్టాన్సు గ్రామమున 1798లో చేరదీసి, పిమ్మట బుర్గ్‌డార్ఫునందును, ఇవర్దోన్ నగరమునందును పాఠశాలలు నడపెను. మాటకు ముందు వస్తువు, నిర్వచనమునకు ముందు దర్శనము అనునది ఆయన సూత్రము. అయినను అలవాటు బలమైనది. బుర్గ్‌డార్ఫులో ఆయన చినిగిన గోడకాగితమును చూపి, "గోడలో రంధ్రము కనబడుచున్నది, పొడవైన రంధ్రము కనబడుచున్నది" అని ఎలుగెత్తి పలుకుచు, పిల్లలచే గంటలతరబడి పలికించుచుండెనని ఆయన శిష్యుడే వ్రాసియుంచెను. వస్తువు ఎదుట నున్నది. కాని తరగతి మరల వల్లెయే వేయుచున్నది! పటములో నిచ్చెనను చూపి పాఠము చెప్పుచుండగా, పెరటిలో నిజమైన నిచ్చెన యున్నదిగదా, దానినే చూడరాదా అని యొక చుఱుకైన బాలుడు అడిగెనట. ఉపాధ్యాయుడు వానిని లెక్కపెట్టలేదు. మరియొకనాడు కిటికీ పటమును చూపగా వాడు మరల, ఈ గదిలోనే కిటికీ యుండగా పటమెందుకని ప్రశ్నించెను. ఈ సంగతి విని పెస్టాలొజ్జీ, బాలుడే సత్యము పలికెనని యొప్పుకొనెనని ఆయన జీవితచరిత్రకారులు చెప్పుదురు. పెస్టాలొజ్జీవంటి గురువునకును ఒక బాలుడు గురువు కావలసివచ్చినది.

ఇవర్దోనులో మూడేండ్లు పనిచేసిన ఛార్లెస్ మేయో అను ఆంగ్లేయుడు ఈ పద్ధతిని తన దేశమునకు గొనిపోయెను. అతని సోదరి ఎలిజబెత్ మేయో వస్తుపాఠములనుగూర్చి 1830 ప్రాంతమున ఒక గ్రంథము రచించెను. మొదటి పాఠమునకు వస్తువు గాజుముక్క. పిల్లలు దానిని చేతబట్టి చూడవలెను, తాకవలెను. నునుపుగా నున్నది, చల్లగా నున్నది, గట్టిగా నున్నది అని తామే చెప్పవలెను. దానిగుండ అవతలి వస్తువు కనబడునని పిల్లవాడు కనుగొనిన పిమ్మటనే "పారదర్శకము" అను పదమును ఉపాధ్యాయిని వానికియ్యవలెను, ముందుగా నీయరాదు. ఎంత చక్కని నియమము! ఆకలి పుట్టిన తరువాత అన్నము వడ్డించినట్లున్నది.

కాని యీ గ్రంథము వేలకొలది ఉపాధ్యాయుల చేతిలో పడినపుడు ఏమి జరిగినదో మనము ఊహింపవచ్చును. గాజుముక్క పెట్టెలో మిగిలినది. పదములపట్టిక నల్లబల్ల నెక్కినది. గాజు పారదర్శకము, కఠినము, పెళుసు. తోలు అపారదర్శకము, మెత్తన, వంగునది. ఇట్లు పిల్లలు వస్తువు చూడకయే గుణములను అప్పగింప నేర్చిరి. వల్లెను తొలగించుటకై పుట్టిన వస్తుపాఠము తానే వల్లెగా మారిపోయినది. ఛార్లెస్ డికెన్సు 1854లో ప్రకటించిన "హార్డ్ టైమ్స్" నవలలోని తరగతిని మన చదువరులలో ననేకు లెరుగుదురు. గుఱ్ఱములమధ్య పుట్టి పెరిగిన బాలికకు గుఱ్ఱమును నిర్వచించుట రాదు. గుఱ్ఱము నెన్నడు చేతితో తాకనట్టి బాలుడు దాని పండ్లలెక్క సహితము ఏకరువు పెట్టును. గురువు మెచ్చుకొనునది బాలునే. నేను ఆ ఘట్టమును కళాశాలలో చదివి నవ్వినవాడను. కుండ సంగతి జరిగిన పిమ్మట నవ్వు రాలేదు.

అయితే ఆ కాలముననే దీనికి విరుగుడు కనిపెట్టినవారును ఉండిరి. వారిలో ప్రథమగణ్యుడు జాన్ స్టీవెన్సు హెన్స్‌లో. ఈయన కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రాచార్యుడు. 1831లో డార్విను నౌకాయాత్రకు పోవుటకు కారకుడైన గురువు. హిచ్చెమ్ అను వ్యవసాయ గ్రామమునకు మతగురువుగా వచ్చి, కూలివారి బిడ్డలకు ఒక బడి పెట్టించి, 1850 దశకమున ఇష్టమైనవారికి సోమవారమునాడు వృక్షశాస్త్రము చెప్పెను. ఆయన నేర్పిన పదములు కఠినములే. లాటిన్ మాటలను సహితము పిల్లలు వ్రాయనేర్వవలెను. కావున కఠినపదమే దోషమని యనుకొనరాదు. ఆయన ప్రత్యేకత వేరొకటి. పువ్వు నెట్లు పరీక్షింపవలెనో తెలుపు ఒక పట్టికను ఆయన నిర్మించెను. ఆకర్షణపత్రములెన్ని, కేసరములెన్ని, అవి కలిసియున్నవా విడిగానున్నవా అను గళ్లు అందుండును. వారము వారమును క్రొత్త పువ్వు. పట్టిక మాత్రము పాతదే. పిల్లవాడు పువ్వును విప్పి, లెక్కించి, తానే గళ్లు నింపవలెను. కిందటి వారపు జవాబు ఈ వారమునకు పనికిరాదు. కిందటి వారపు చూపు మాత్రమే పనికివచ్చును. పునశ్చరణమునకు ఇంతకంటె మంచి యుపాయమును నేనెచ్చటను చదువలేదు. హాంప్‌షైరులో కింగ్స్ సాంబర్న్ గ్రామమున రిచర్డ్ డాస్ అను మతగురువు 1842లో నెలకొల్పిన బడియందును నిత్యవస్తువులతో ఇట్టి బోధయే సాగెను.

ఇట్టి మొలకలమీద 1862లో వడగండ్లవాన కురిసినది. ఆ సంవత్సరము ఇంగ్లండు ప్రభుత్వము ఫలితములనుబట్టి ధనమిచ్చు నిబంధనమును అమలుజరిపెను. ఒక్కొక్క బాలుని హాజరునకు నాలుగు షిల్లింగులు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించిన దినమున చదువుట, వ్రాయుట, లెక్క అను మూటియందును కృతార్థుడైనచో ఎనిమిది షిల్లింగులు. ఒక్కొకదానిలో తప్పినచో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు తరుగుదల. ఇక ఉపాధ్యాయుని జీతము పిల్లవాని నోటిమీద నాధారపడినది. పువ్వునకు ధనము లేదు, గాజుముక్కకు ధనము లేదు. కావున అవి తరగతినుండి వెడలిపోయెను. అర్థము తెలియకున్నను పుస్తకమును ఆసాంతము కంఠస్థము చేయించి ఇన్‌స్పెక్టరు ఎదుట చదివించుట సాధ్యమని, పాఠశాలల పర్యవేక్షకుడైన కవి మేథ్యూ ఆర్నల్డు తన నివేదికలలో మొఱపెట్టెను. పిమ్మట శాస్త్రవిషయములకును ధనమిచ్చుట మొదలిడిరి గాని, అవియు నా పరీక్షామార్గముననే నడచినవి. మన చెన్నరాజధానిలోని సహాయధన పాఠశాలలకును ఈ పద్ధతియే దిగుమతియైనది. పిల్లలు ఏకకంఠముతో అప్పగించుట మన ప్రాచీనాచారమని మనమనుకొందుము. అందు సగము మనదే; తక్కిన సగము షిల్లింగుల లెక్కనుండి పుట్టినదని మరువరాదు.

ఆ దుర్దినములకు కొంచెము ముందుగా, 1860 డిసెంబరు చివరను, ఫారడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు పిల్లల యెదుట ఒక క్రొవ్వొత్తి వెలిగించి నిలిచెను. అప్పటికాయన వయస్సు 69. ఆరు ఉపన్యాసములకును ఆ క్రొవ్వొత్తియే వస్తువు. కరగిన మైనము వత్తివెంట నెట్లు పైకెక్కును? మంటలో వెలుగునది యేది? మంటమీద మంచుతో చల్లబరచిన పాత్ర నుంచినచో అడుగున నీటిబొట్లు పట్టుచున్నవి, ఈ నీరెచ్చటిది? కాలుట ముగిసిన పిమ్మట మిగులు వాయువేది? మన ఊపిరియందును ఆ వాయువే యున్నది గదా, అట్లైన మన దేహములోను ఒక విధమైన దహనము జరుగుచున్నదా? ప్రతి యుపన్యాసమునందును నిన్నటి సంగతి మరల వచ్చును. కాని వచ్చిన ప్రతిసారియు క్రొత్తపని చేయును. మరల చెప్పుచున్నాడన్న విసుగు వినువారికి కలుగనే కలుగదు. ఒకే వస్తువును పట్టుకొని, అదివరకు తెలిసినదానిని తెలియనిదానికి మెట్టుగా చేయుట పునశ్చరణమని ఆయన చూపెను.

ఆంధ్రదేశమున ప్రకృతిశాస్త్రమును తెనుగున చెప్పవలెనను సంకల్పము 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ప్రబలినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సంఘసంస్కారముతోపాటు శరీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము మున్నగు విషయములపై తేటతెనుగున పుస్తకములు వ్రాసిరి. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మిత్రులతోగూడి స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రములతోపాటు శాస్త్రగ్రంథములను ఇంటింటికి చేర్చినది. ఈ మహనీయులు మనకు మాటలిచ్చిరి. పారదర్శకమనియు, ఘనీభవనమనియు నేడు మన పిల్లలు పలుకుచున్నారన్న అది ఇట్టి తరముల కృషిఫలమే. ఆ మాటలకు వస్తువులను జతపరచుట మాత్రము బడిపంతులు పని. దానిని పుస్తకము చేయజాలదు.

ఇక జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధనము. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరసముదాయములను తానే వల్లించి, తానే మరచి, ఆ మరపును కొలిచి 1885లో గ్రంథము ప్రకటించెను. నేర్చినదానిలో అధికభాగము తొలిగంటలలోనే జారిపోవునని అందు తేలినది. ఒక వరుసను ఒకేమారు 68 సార్లు వల్లించుటయు, మూడు దినములకు పంచి 38 సార్లు వల్లించుటయు ఇంచుమించు సమానఫలము నిచ్చినవి. 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున స్పిట్జర్ అను నాతడు 3,605 మంది ఆరవ తరగతి బాలురచే చిన్నవ్యాసములు చదివించి పరీక్షించెను. చదివిననాడే ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొని జవాబులు వ్రాసినవారు, వారముల తరువాతను ఇతరులకంటె ఎక్కువగా చెప్పగలిగిరి. కావున పునశ్చరణము వ్యర్థమనువారి మాట నిలువదు. సంవత్సరాంతమున ఒక్కమారుగా కుమ్మరించుట వ్యర్థము. సగము వాక్యము గురువే యందించుట వ్యర్థము. నడుమ నడుమ నెడమిచ్చి, పిల్లవాడు తానై తవ్వి తీయునట్లు అడుగుట సార్థకము.

అయినను, జ్ఞప్తియందున్నదంతయు బోధపడినదే యగునా? దీనికి జవాబు మన హైదరాబాదుననే దొరకినది. వొస్నియాదూ, బ్రూవర్ అను పరిశోధకులు అమెరికాలో 60 మంది చిన్నపిల్లలను భూమియాకారమునుగూర్చి యడిగి, ఆ ఫలితములను 1992లో ప్రకటించిరి. భూమి గుండ్రమని పిల్లలు చెప్పుదురు. కాని చాలదినములు తిన్నగా నడచిన ఎచ్చటికి పోదువు, అంచున్నదా, పడిపోదువా అని త్రిప్పి యడుగగా, కొందరు గుల్లబంతిలోపల బల్లపరుపు నేలమీద మనుష్యులున్నారనిరి. కొందరు ఆకాశమున నొక గుండ్రని భూమియు, మన కాళ్లక్రింద నొక చదునైన భూమియు వేరువేరుగా నున్నవనిరి. సమరపుంగవన్ అను పరిశోధకురాలు వారితో గూడి హైదరాబాదులోని ఒకటవ, మూడవ తరగతుల పిల్లలను పరీక్షించి 1996లో వెల్లడించిన వ్యాసమున మరియొక విశేషము కానవచ్చును. ఇచ్చటి బాలురలో పలువురు భూమి నీటిమీద తేలుచున్నదని భావించిరి. ఇంటిలో విన్న కథ యొకటి, బడిలో విన్న వాక్యమొకటి. రెంటిని కలిపి పసివాడు తన బుద్ధితో ఒక లోకము కట్టుకొనుచున్నాడు. అందు మూర్ఖత్వమేమియు లేదు. "భూమి గుండ్రముగా నున్నది" అని వంద పర్యాయములు పలికించినను ఆ లోకము కదలదు. పలికించువానికి అది యున్నట్లే తెలియదు.

పరీక్షనే మార్చినగాని పునశ్చరణము మారదని గ్రహించినవారు మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో కొందరు. 1972లో పదునారు మాధ్యమిక పాఠశాలలలో వారారంభించిన విజ్ఞానబోధన కార్యక్రమమునందు, పిల్లలు అగ్గిపెట్టెలతోను, ఆకులతోను, కటకములతోను ప్రయోగములు చేయుదురు. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును. చేతితో చేసి చూపవలసిన పరీక్షయు నుండును. పుస్తకము తెరచియున్నప్పుడు దానిని అప్పగించు బాలునికి మార్కులెట్లు వచ్చును? ముప్పదియేండ్లు నడచిన యీ కార్యక్రమమును ప్రభుత్వము 2002లో నిలిపివేసినది. మొలకను పెంచుటకు ముప్పదియేండ్లు, పెకలించుటకు ఒక్క ఉత్తరువు చాలునని 1862వ సంవత్సరమువలెనే ఇదియు తెలుపుచున్నది.

ఈ చరిత్రమునుండి నా తరగతికి నేను తెచ్చుకొనినది స్వల్పమే. సంవత్సరాంతపు పునశ్చరణమును మాని, ప్రతి శుక్రవారము అరగంట దానికి కేటాయించితిని. ఆ అరగంటలో ఒక వస్తువు బల్లమీదికి రావలెను. అది పుస్తకములో లేనిదై యుండవలెను. పుస్తకములో చిక్కుడుగింజ యున్నచో నేను చింతగింజ తెత్తును. నేను వాక్యమును సగము పలుకను. పిల్లవాడు చెప్పిన తరువాత "అవును, కాదు" అనుటకు ముందు "నీకెట్లు తెలిసినది?" అని యడుగుదును. ఈ చివరి నియమము వినుటకు సులభము, ఆచరించుటకు కష్టము. ఇరువదియేండ్ల నోరు మాటిమాటికి "తప్పు" అనబోవును.

గృహములందు ఇది మరింత సులభము. అన్నపుగిన్నె మూతక్రింద పట్టిన బొట్లు, పచ్చడిజాడీలో ఊరిన ఉప్పునీరు, ఒకే యెండలో త్వరగా ఆరిన పలుచని చీర, ఆలస్యముగా ఆరిన దుప్పటి, ఇవి యన్నియు మూడవ తరగతి పుస్తకమునకు పునశ్చరణములే. పిల్లవాడు బడినుండి రాగానే "ఈ రోజు ఏమి చెప్పించుకొన్నావు?" అని యడుగు తల్లిదండ్రులు, వారమునకొకసారి "ఏమి చూచితివి?" అని యడిగిన చాలును. జవాబు తమకు తెలియకున్నను సిగ్గుపడ నక్కరలేదు. ఇరువురును కలసి చూడవచ్చును.

కుండ సంగతి చెప్పి ముగించెదను. ఆ వేసవిలోనే, ఎదుటి కిరాణాదుకాణపు త్రాసును అడిగి తెచ్చి, నీరు నింపిన క్రొత్తకుండను ఒకటి, మంచుగడ్డలు వేసి మూత బిగించిన స్టీలుగిన్నెను ఒకటి తూచితిమి. గంటకు మరల తూచితిమి. రెండును వెలుపల తడిసియే యున్నవి. స్టీలుగిన్నె కొంచెము బరువెక్కినది. కుండ బరువు తగ్గినది. ఒకదానికి నీరు బయటినుండి వచ్చినది, మరియొకదానినుండి నీరు బయటికి పోయినదని పిల్లలే నిర్ణయించిరి. తూకము చదివినది ఆ బాలికయే. చేయి యెత్తుట కింకను జంకుచున్న యా పిల్లచే అంకెలను బిగ్గరగా చదివింపవలెనని నేనే కోరితిని. ఈ సంవత్సరము ఆమె అయిదవ తరగతిలో నున్నది. మొన్న తరగతిలో ఒక ప్రశ్న వేసినది: పాతకుండను ఉప్పునీటితో కడిగి యెండబెట్టిన మరల చల్లబరచునా? నాకు తెలియదంటిని. రెండు పాతకుండలు సంపాదించితిమి. వచ్చు శుక్రవారము చూడబోవుచున్నాము.